మిద్దె మీది ఆట తలుపు వెనక్కి పోయింది

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. మా బాబుకు ఇరవై ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటర్ చదివేటప్పుడు ప్రతి ఆదివారం ఐదుగురు దోస్తులు వచ్చి మా మిద్దె మీది గదిలో వాడితో ఏదో పాచికల ఆట ఆడేవాళ్లు. లొల్లి ఎక్కువైందని, చదువు పాడవుతుందని నేనే వద్దన్నాను. ఇప్పుడు శనివారం రాత్రి పదింటికి తలుపేసుకుంటే ఒంటిగంట దాకా ఒక్కడే మాట్లాడుకుంటాడు. 'కత్తి తీస్తున్నా, తలుపు బద్దలు కొడుతున్నా' అంటాడు. జూదమో, మతి చలించిందో తెలియట్లేదు. మా ఆయన వైఫై తీసేయిస్తానంటున్నారు. అప్పట్లో గది ఊడుస్తుంటే ఇరవై ముఖాల పాచిక ఒకటి దొరికితే బీరువాలో దాచిపెట్టాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ బాబు ఒక్కడే మాట్లాడుకోవడం లేదు, అదే ఆటను ఇప్పుడు దోస్తులతో ఆన్‌లైన్లో ఆడుతున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్లు ఉండటం వల్ల అవతలి వాళ్ల మాటలు వాడికొక్కడికే వినిపిస్తున్నాయి. తలుపు ఇవతల నిలబడ్డ మీకు వాడి వంతు మాటలే చేరుతున్నాయి. మిద్దె మీద ఆడినప్పుడు అందరి గొంతులూ వినపడేవి కాబట్టి మీకు అది లొల్లి అనిపించింది. ఇప్పుడు ఒక్క గొంతే వినపడుతోంది కాబట్టి భయం వేస్తోంది.

దొరికిన పాచికను బట్టి అది డంజియన్స్ అండ్ డ్రాగన్స్ గానీ, ఆ తరహా మరో ఆట గానీ అయ్యుంటుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తీసుకొచ్చారు. ఇళ్లలో కంప్యూటర్లు లేని రోజులవి. కాగితం, పెన్సిలు, పాచికలు ఉండి, బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటే చాలు. మన ఊళ్లలో చిందు బాగోతం వాళ్లు వేషం కట్టినట్టు ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుంటారు. కానీ ఇక్కడ కథ చివరికి ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. ఒకరు కథ నడుపుతారు: 'కోట తలుపు మూసి ఉంది, లోపల ఏదో చప్పుడవుతోంది, నువ్వేం చేస్తావు?' మీ బాబు బద్దలు కొడతానంటాడు. అది విరుగుతుందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. పడిన అంకెకు ఆ పాత్ర బలాన్ని కలిపి చూస్తారు. గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడితే జూదం అనం కదా, ఇదీ అంతే, పందెం ఉండదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు ఎన్ని ఇళ్లు ముంచాయో చూశాకే మన రాష్ట్రంలో 2017లో వాటిని నిషేధించారు. మీ భయం అక్కడి నుంచే వచ్చింది, అది అర్థం లేని భయం కాదు. ఈ ఆట మాత్రం ఆ జాతిది కాదు.

మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోట నేను ఆగుతాను. మిద్దె మీది ఆటను ఆపింది మీరే. చదువు కోసమే ఆపారు, తప్పు పట్టను. కానీ దాంతోపాటు ఏం పోయిందో చూడండి. పాచిక మంచం కిందికి దొర్లితే ఆరుగురూ వంగి చూసేవాళ్లు. ఒకడు ముఖం ముడుచుకుంటే పక్కవాడికి చెప్పకుండానే తెలిసేది. ఆట అయ్యాక కింద బండి దగ్గర నిలబడి ఇంకో అరగంట మాట్లాడుకునేవాళ్లు. ఆన్‌లైన్లో ఇవేవీ దొరకవు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అర్థం కాదు, మెతకవాడు వెనకబడతాడు. ఒంటిగంటకు బటన్ నొక్కగానే అందరూ ఒక్కసారిగా మాయమవుతారు, చీకటి గదిలో వాడొక్కడే మిగులుతాడు. ఇలా ఆడే పిల్లలు నాతో ఎక్కువగా చెప్పుకునేది ఆ నిమిషం గురించే.

అలాగని ఆన్‌లైన్ ఆటను తీసిపారేయకండి. ఇంటర్ అయ్యాక దోస్తులు తలా ఒక ఊరు పోయి ఉంటారు. వరంగల్‌లో ఒకడు, హైదరాబాద్‌లో ఒకడు ఉంటే ప్రతి ఆదివారం ఎలా వస్తారు? 2012లో మొదలైన రోల్‌20 లాంటి సైట్లో పటం పెట్టుకుని, డిస్కార్డ్ అనే యాప్‌లో మాట్లాడుకుంటూ వాళ్లు స్నేహం తెగకుండా కాపాడుకుంటున్నారు. ఈ వయసులో అది చిన్న సంగతి కాదు.

అందుకే వైఫై తీసేయించవద్దని మీ ఆయనకు చెప్పండి. ఆట మధ్యలో నెట్ పోతే ఐదుగురి ముందు వాడి తల తీసేసినట్టవుతుంది, ఆ తర్వాత మీతో మాట్లాడటమే మానేస్తాడు. దానికి బదులు వేళ మార్చుకోమనండి. ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండుకల్లా ముగించవచ్చు, నిద్ర చెడదు. ఆడేవాళ్లంతా తెలిసినవాళ్లేనా, కొత్తవాళ్లెవరైనా చేరారా అని అడగండి. నిలదీసినట్టు కాదు, అన్నం పెట్టేటప్పుడు మాటల్లో మాటగా అడగండి. తిండి మానేసినా, కాలేజీ ఎగ్గొట్టినా, మిగతా రోజుల్లోనూ ఎవరితో కలవకపోయినా అప్పుడు మాత్రం ఆలస్యం చేయకండి. మనసు సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి మీ చేతిలోనే ఉంది. దసరా సెలవులకు ఆ పిల్లలంతా ఊరికి వస్తారు. మిద్దె మీది గది ఊడ్చి చాప పరవండి. 'మీ దోస్తులను పిలువురా, సర్వపిండి చేస్తా' అనండి. మొదట నమ్మడు, రెండోసారి కూడా చెప్పండి. లొల్లి అవుతుంది, ఆ ఒక్క రోజు ఓర్చుకోండి. ఈ పాచికలు మామూలుగా ఏడింటి జతగా వస్తాయి. వాడి దగ్గర ఆరే ఉండి ఉంటాయి. బీరువాలో దాచినది తీసి, ఆ రోజు పొద్దున్నే వాడి చేతిలో పెట్టండి.