పైన గుబురు, కింద బోడి పుల్లలు

ప్రశ్న: మాది రెండడుగుల చేపల ట్యాంకు మేడమ్. గప్పీలు, మోలీలు ఉన్నాయి. వెనకాల వైర్లు కనబడకుండా అంబులియా, విస్టీరియా అనే నీటి మొక్కలు తెచ్చి, షాపులో ఇచ్చిన కట్టలు అలాగే ట్యాంకు అడుగున గ్రావెల్‌లో (చిన్న గులకరాళ్ళలో) గుచ్చాను. మొదట ఆకులు కుళ్ళిపోయి టెన్షన్ పెట్టాయి. తర్వాత తేరుకుని నీటి పైదాకా వచ్చేశాయి. కానీ ఇప్పుడు పైన గుబురు, కింద బోడి పుల్లలు. షాపతను ఎరువు చుక్కలు వాడమంటున్నాడు. వాడమంటారా?
– ఒక గృహిణి, గాజువాక

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ముందు కత్తెర తీయండి.

ఈ మొక్కల పెరుగుదలంతా కొనలోనే. కొన నీటి పైకి చేరాక అక్కడే అడ్డంగా పరుచుకుని వెలుతురంతా తనే తీసేసుకుంటుంది. నీడలో పడ్డ కింది ఆకును మొక్క ఎక్కువ రోజులు పోషించదు. దానిలో ఉన్న నత్రజని, పొటాషియం పైకి లాక్కుని, ఆకును వదిలేస్తుంది. మీరు సీసా అంతా పోసినా తినేది ఆ కొనే. కింద మటుకు ఆకు రాదు.

కొన నుంచి జానెడుకు కాస్త తక్కువగా, కణుపు కింద కోయండి. కింది రెండు కణుపుల ఆకులు గిల్లేసి, ఆ కణుపులు గ్రావెల్‌లో మునిగేలా గుచ్చండి. వేర్లు అక్కడినుంచే వస్తాయి. పాత బోడి పుల్లలు మెత్తబడిపోతే పీకేయండి. గట్టిగా ఉంటే ఉంచండి, వెలుతురు తగిలాక కణుపుల్లో పిలకలు వేస్తాయి. కట్టకు చుట్టిన రబ్బరు బ్యాండు, సీసపు రేకు మాత్రం తీసేయాల్సిందే. కట్టగా ఉంటే మధ్య పుల్లలకు వెలుతురూ అందదు, నీళ్ళూ ఆడవు. వరినాట్లలా విడివిడిగా, మధ్యలో వేలు పట్టేంత సందు ఉంచి నాటండి. దాని ముందు ఇంకో వరస కాస్త పొట్టిగా కోసి పెడితే వెనక వరస కాళ్ళు కనబడవు. పత్రికల్లో ఫోటోలు అంత అందంగా ఉండటానికి సగం కారణం ఈ ముందు వరసే.

అంతా ఒకేరోజు కోయకండి. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాని, నైట్రేట్‌ని పీల్చేది ఈ గుబురే. ఒక్కసారిగా తీసేస్తే ఆ తిండి ఆల్గేకి (నాచుకి) పోతుంది. ఈ వారం సగం, వచ్చే వారం సగం.

మొదట్లో ఆకులు కుళ్ళడం జబ్బు కాదు. నర్సరీల్లో వీటిని చాలావరకు నీటి బయటే పెంచుతారు. గాలిలో వచ్చిన ఆకు నీళ్ళలో నిలవదు. మీ విస్టీరియానే చూడండి, తెచ్చిన రోజు అంచు రంపంలా ఉన్న మామూలు ఆకు, ఇప్పుడు కొత్తిమీర కంటే సన్నగా చీలిన ఆకు. మొక్క అదే.

చుక్కల సంగతి: ముదురు ఆకుల్లో సూదిబెజ్జాలు కనబడితే పొటాషియం తక్కువ. లేతాకులు తెల్లగా పాలిపోతే ఐరన్ తక్కువ. అప్పుడు కొనండి. లైటు రోజుకు 7-8 గంటలు చాలు.

ప్రశ్న: గ్రావెల్ బదులు ఆర్.కె. బీచ్ ఇసుక కడిగి వేస్తే మొక్కలు బతుకుతాయా?
– ఇంటర్ విద్యార్థి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: వద్దు బాబూ. ఉప్పు కడిగితే పోతుంది గానీ గవ్వల, చిప్పల ముక్కలు పోవు. అవి మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్ని పెంచుతూనే ఉంటాయి. మన తీరంలో నల్లగా కనబడేది ఇల్మనైట్, ఎర్రగా మెరిసేది గార్నెట్. బరువైన ఖనిజాలు, మొక్కకు తిండి కావు. ఏటి ఇసుక జల్లించి వాడు. దానిమీద కాస్త వెనిగర్ పోసి చూడు, నురగ వస్తే అందులోనూ చిప్పల ముక్కల్లాంటి సున్నం ఉన్నట్టే, అదీ వద్దు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తెద్దామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకో. అవి జాతీయ భూవారసత్వ సంపద.

ప్రశ్న: ఏటా మే నెలలో మా ట్యాంకులోని కాబోంబా మొక్క ఆకులు రాల్చేసి నీళ్ళు మురికి చేస్తోంది. ఏసీ లేదు. మాది బోరు నీరు.
– ఒక ఉద్యోగి, మధురవాడ

జవాబు: ఆకుపచ్చ కాబోంబా చల్లటి, మెత్తటి (కాఠిన్యం తక్కువున్న) నీటిని కోరే మొక్క. మే నెలలో ఏసీ లేని గదిలో ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటేస్తుంది, పైగా బోరు నీరు. దానితో పోరాడటం దేనికండీ? హైగ్రోఫిలా పాలీస్పెర్మా పెట్టండి, మన దేశపు మొక్క, వేడికి జంకదు. ఇంకా చవకగా కావాలంటే హైడ్రిల్లా. కార్బన్ డయాక్సైడ్ సరిపోకపోతే నీటిలోని బైకార్బొనేట్ నుంచి కార్బన్ తీసుకోగలదు, కాబట్టి కాఠిన్యం ఉన్న బోరు నీరు దానికి సమస్య కాదు. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, రాత్రి మొక్కలు కూడా దాన్నే వాడుకుంటాయి. అందుకని రాత్రంతా ఎయిర్ పంపు ఆపకండి. కరెంటు పోతుందనుకుంటే బ్యాటరీ పంపు దగ్గరుంచుకోండి.

కోసిన ముక్కలు ముడసర్లోవ జలాశయంలోనో, ఇంటి పక్క గెడ్డలోనో పారేయొద్దు. ఒక్క కణుపున్న ముక్క చాలు, మళ్ళీ మొక్కవుతుంది. 2020లో కేరళలో కోళికోడ్ జిల్లా ఆవళ పాండి కాలువ గులాబీ పూలతో నిండితే జనం ఫోటోలకు ఎగబడ్డారు. ఆ పూల మొక్క మీ కాబోంబాకి దాయాది, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. ఎండలో బాగా ఎండబెట్టి పూలకుండీలో వేయండి.

ప్రశ్న: గోల్డ్‌ఫిష్ ట్యాంకుకి ఏ స్టెమ్ మొక్క (కాండంతో నిలువుగా పెరిగేది) మంచిది?
– సీతమ్మధార

జవాబు: ఏది పెట్టినా గోల్డ్‌ఫిష్‌కి భోజనమే. బాల్కనీలో బకెట్టు పెట్టి హైడ్రిల్లా పెంచండి, వారానికో గుప్పెడు ట్యాంకులో వేయండి. మీకు పచ్చదనం, దానికి తిండి.