కాల్షియం స్కోరు సున్నా వస్తే మాత్ర మానవచ్చా?

ప్రశ్న: నా వయసు 49. ఆరేళ్లుగా షుగరు ఉంది. మా నాన్నగారికి 52వ ఏట గుండెపోటు వచ్చింది. ఈమధ్య తిరుపతిలో సీటీ స్కాన్ తీయించుకుంటే గుండె కాల్షియం స్కోరు సున్నా అని వచ్చింది. అలిపిరి మెట్లు ఇబ్బంది లేకుండానే ఎక్కుతున్నాను. కొలెస్ట్రాల్ తగ్గడానికి రోజూ వేసుకునే స్టాటిన్ మాత్ర ఇక మానేయవచ్చునా? ఈ స్కాన్ ఏటా తీయించుకోవాలా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: మీ అంతట మీరు మానకండి. సున్నా రావడం మంచిదే గాని, అది దేనిని కొలిచిన అంకె అన్నది ముందు తెలియాలి.

మయామీ హృద్రోగ నిపుణుడు ఆర్థర్ అగాట్‌స్టన్ తన సహచరులతో కలిసి 1990లో ప్రచురించిన పద్ధతి ఇది. గుండె ధమనుల గోడల్లో పేరుకున్న కొవ్వు పూడికకు కాలక్రమేణా సున్నం, అంటే కాల్షియం, పడుతుంది. సీటీ చిత్రంలో అది ఎముకలాగే తెల్లగా కనబడుతుంది కనుక రంగుమందు ఎక్కించవలసిన పని లేదు. సాంద్రత 130 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లకు (సీటీలో సాంద్రతను కొలిచే ప్రమాణం) తగ్గని ప్రతి మచ్చ వైశాల్యాన్నీ, దాని గరిష్ఠ సాంద్రతను బట్టి 1 నుంచి 4 వరకు ఉండే అంకెతో గుణించి, వచ్చినవన్నీ కూడతారు. ఉదాహరణకు, 5 చదరపు మిల్లీమీటర్ల మచ్చలో గరిష్ఠ సాంద్రత 250 ఉంటే, దానిని 2తో గుణించగా 10 వస్తుంది. కదిలే గుండె చిత్రం చెదరకూడదు కాబట్టే మీకు ఈసీజీ తీగలు తగిలించి, ఊపిరి బిగబట్టమన్నారు.

చిక్కల్లా సున్నం పట్టని మెత్తని పూడికతోనే. అది ఈ లెక్కలోకి రాదు. కాని అది చిట్లి, అక్కడ రక్తం గడ్డకడితే గుండెపోటు రావచ్చు. అమెరికాలో 2000లో ఆరంభమై 6,814 మందిని పరిశీలించిన మీసా అధ్యయనం, సున్నా వచ్చినవారికి ముప్పు బాగా తక్కువని తేల్చిన మాట నిజమే. అయితే అందులో తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్‌లు, చైనా సంతతివారు ఉన్నారే తప్ప మనవారిని ఒక వర్గంగా తీసుకోలేదు. పైగా సున్నా వస్తే స్టాటిన్ వాయిదా వేయవచ్చన్న 2018 నాటి అమెరికా మార్గదర్శకాలే మధుమేహం ఉన్నవారిని, పొగతాగేవారిని, కుటుంబంలో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవారిని అందులోంచి మినహాయించాయి. వీటిలో రెండు మీకు వర్తిస్తాయి.

మెట్లు ఎక్కగలగడం సంతోషమే. ఎప్పుడైనా ఎక్కుతుండగా ఛాతీ బిగుసుకున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా ఈ రిపోర్టు చూసుకొని ధైర్యపడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఏటా స్కాన్ అక్కర్లేదు. మాత్ర పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికైతే అసలే వద్దు, ఎందుకంటే స్టాటిన్ వాడేవారిలో పూడిక గట్టిపడి స్కోరు పెరగడమూ ఉంటుంది. మాత్ర ఫలితం ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) రక్తపరీక్షలో తెలుస్తుంది. కండరాల నొప్పుల వంటి ఇబ్బందేదైనా ఉండి మానాలనుకుంటున్నట్లయితే ఆ సంగతి మీ వైద్యుడికి చెప్పండి. మోతాదు తగ్గించడమో, మరో రకం స్టాటిన్ ఇవ్వడమో చేస్తారు.