గడ్డిబొమ్మల పండగ: అత్తగారు వద్దంటున్నారు, ఏం చెయ్యను?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళం కలిసే ఉంటాం. వరి పాలు పోసుకునే వేళకి కుర్రాళ్ళు గడ్డిబొమ్మల పండగ పెట్టారు, ఇంటికో బొమ్మ చేసి వీధిలో నిలబెట్టాలట. దిష్టిబొమ్మల్ని గుమ్మం ముందు పెడితే అరిష్టం అంటారు మా అత్తగారు. నాకు కుట్టుపని తప్ప ఏమీ రాదు. పాల్గొనమంటారా? (ఒక పాఠకురాలు, గజపతి జిల్లా)

జవాబు: పాల్గొనండమ్మా, ఇందులో ఆలోచించడానికేముంది. అత్తగారితో మాత్రం వాదనకి దిగకండి, ఎండుగడ్డి ముందు పడేసి "వెంటి (గడ్డితాడు) పేనడం మీకొచ్చినట్టు నాకు రాదు, కాస్త పేనిపెట్టండి" అనండి చాలు. అప్పటికీ ఒప్పుకోకపోతే, కట్టే ఇంటికి వేలాడదీసే కోరమీసాల బొమ్మ మనుషుల కన్ను తిప్పడానికి, ఇది పిట్టల్ని బెదరగొట్టడానికి, రెండూ ఒకటి కాదని చెప్పండి.

కుట్టు వచ్చంటే సగం పని అయిపోయినట్టే. నిలువు వెదురు రెండడుగులైనా భూమిలోకి దిగాలి, 2018లో తిత్లీ తుఫాను చూసిన జిల్లాకి గాలి సంగతి నేను చెప్పాలా. అడ్డకర్రని చొక్కా చేతుల్లోంచి దూర్చి వెంటితో బిగించండి. ఒంట్లో గడ్డి బాగా ఎండింది కూరండి, తడి ఉంటే బూజు పట్టి రెండు రోజులకే కంపు కొడుతుంది. చేతులు మాత్రం నింపకండి! అందరూ అక్కడే పొరపడతారు, బొమ్మ నిండుగా కనబడాలని చేతుల్లో కూడా కూరేస్తారు, అప్పుడది చూడ్డానికి బానే ఉంటుంది గాని గాలికి కదలదు, కదలని బొమ్మ తలమీదే కూర్చుంటాయి పిట్టలు. చేతి చివర వేలాడేలా పాత చీర కొంగు ముక్కలు కుట్టండి. తలకి కుండ బోర్లించి సున్నం బొట్లు పెట్టడం పాత పద్ధతే గాని, వీధిలో పిల్లలు రాళ్ళు విసురుతారు, గోనెసంచి మేలు.

జపాన్‌లో నాగోరో అనే కొండ పల్లెలో త్సుకిమి అయానో అనే ఆవిడ, విత్తనాలు పిట్టలు తినేస్తున్నాయని మొదటి బొమ్మని తన తండ్రి పోలికతో చేసిందట, ఇప్పుడక్కడ మనుషుల కంటే బొమ్మలే ఎక్కువ. మీరు కూడా మామగారి పాత లుంగీ, తువ్వాలు వేసి చూడండి (ఆయన్ని అడిగే వేయండి). నాయకుల ముఖాలు మాత్రం వద్దు, ధర్నాలో తగలబెట్టడానికి తెచ్చారనుకుంటారు.

మీ కుర్రాళ్ళకి ఒక మాట. ఫస్టు ప్రైజు, సెకండు ప్రైజు పెడితే ఆ సాయంత్రమే గొడవ మొదలవుతుంది. ఇంగ్లండులో కెటిల్‌వెల్ అనే పల్లెలో 1994 నుంచి ఈ పండగ చేస్తున్నారు, ఊరంతా బొమ్మలు పెట్టి, చిక్కుప్రశ్నలు విప్పుకుంటూ జనం తిరిగేలా చూస్తారు. మీరు ప్రతి బొమ్మ మెడలో ఒక పొడుపుకథ కట్టండి, తెలుగుది ఒకటైతే ఒడియాది ఒకటి. ఒడియా పిల్లలు మన గుమ్మానికొచ్చి అడగాలి, మనవాళ్ళు వాళ్ళ గుమ్మానికెళ్ళాలి.

పండగ అవగానే బొమ్మల్ని చేలోకి మార్చండి, పాలకంకి మీద పిచ్చుకలు, చిలకలు పడేది అప్పుడే. రెండు మూడు రోజులకోసారి చోటు మార్చి చొక్కా కూడా మార్చండి. ఒకేచోట ఉంటే పిట్టలకి అలవాటైపోతుంది.

ప్రశ్న: మా మొక్కజొన్న చేలోకి అడవిపందులు వస్తున్నాయి. పెద్ద బొమ్మ పెడితే ఆగుతాయా? (ఒక రైతు, గుణుపూర్)

జవాబు: ఆగవండీ. పంది రాత్రిపూట వస్తుంది, వాసన పట్టుకుని వస్తుంది, దానికి చూపు అంతంతమాత్రం. మంచె కట్టుకుని పక్క చేలవాళ్ళతో వంతులేసుకోండి, డబ్బా మోగించండి. కంచెకి కరెంటు తీగ చుట్టే ఆలోచన మాత్రం వద్దు, రాత్రి నీళ్ళు కట్టడానికి వెళ్ళే మనిషి కూడా ఆ గట్టు మీదే నడుస్తాడు.