ఘాట్ ఎక్కే పాత అంబాసిడర్‌కు కంప్రెషన్ ఎంత?

ప్రశ్న: మాది కోరాపుట్ జిల్లా జయపురం. మా 1972 మార్క్ 2 అంబాసిడర్ ఇంజను విప్పించాం. బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) ఓవర్‌సైజుకు వెళ్లాలట. హెడ్డు అడుగును గట్టిగా ఫేసింగ్ కొట్టించి (అరగదీయించి) కంప్రెషన్ 9.5కు తెస్తే సుంకి ఘాట్‌లో పికప్ బాగుంటుందని మెకానిక్ అంటున్నాడు. బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. ఏం చేయమంటారు?

జవాబు: కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని మిశ్రమాన్ని పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క, 8.3 దగ్గర ఆపండి. 8.5 దాటనివ్వకండి.

20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ప్రమాణం ప్రకారం 95 ఆక్టేన్ (నాకింగ్, అంటే మిశ్రమం దానంతటదే పేలి ఇంజను కటకటమనడాన్ని తట్టుకునే అంకె) ఉండాలి కాబట్టి 9.5 కూడా తట్టుకుంటుందన్నది మీ మెకానిక్ లెక్క కావచ్చు. కానీ ఇలాంటి బండి వారాల తరబడి షెడ్డులోనే ఉంటుంది. వానాకాలం తేమకు ట్యాంకులో నీరు చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగుకు దిగుతుంది, పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ పడిపోతుంది. ఇంకో మాట: కోరాపుట్ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి పలచన, నాకింగ్ తక్కువ. అక్కడ బాగా నడిచిందని మోసపోవద్దు. మే నెల మధ్యాహ్నం నిండు లోడుతో కింద మైదానంలోని సాలూరు వైపు నుంచి ఘాట్ మొదలెట్టినప్పుడు, తక్కువ ఆర్‌పీఎమ్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు తట్టుకోవాలి. పైగా 9 దాటిన కంప్రెషన్‌కు ఇన్‌లెట్ వాల్వు ఆలస్యంగా మూసే కామ్ (వాల్వులను తెరిచి మూసే షాఫ్టు) కావాలి. ఆ కామ్ వేస్తే ఘాట్‌లో మీకు కావలసిన కింది లాగుడే పోతుంది.

ఇక కొలత. 73.025 బోరు 40 థౌ పెరిగితే 74.04 మి.మీ. అవుతుంది. 88.9 స్ట్రోకుతో (పిస్టన్ కదిలే దూరం) ఒక్కో సిలిండర్ 382.8 సీసీ. 8.3 రావాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే చోటు మొత్తం 52.4 సీసీ ఉండాలి. బోరు పెరగడంతోనే కంప్రెషన్ కాస్త పెరుగుతుంది, అందుకే కొలవకుండా హెడ్డు కొట్టించవద్దు.

ముందు వాల్వు సీట్ల పని పూర్తి చేయించండి. 2000 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే, సీట్లను అరగకుండా కాపాడే సీసం లేదు కాబట్టి ఎగ్జాస్టుకు గట్టి సీటు రింగులు వేయించాలి. వాల్వులు, ప్లగ్గు బిగించి, ఛాంబర్ (హెడ్డులో మిశ్రమం మండే గుంట) అంచుకు గ్రీజు రాసి, రంధ్రం ఉన్న అద్దంలాంటి ఆక్రిలిక్ పలక అంటించి, 50 మి.లీ. సిరంజితో కిరసనాయిలు నింపండి. పట్టినంతా ఛాంబర్ సీసీ. పిస్టన్ తలపై ఉండే గుంటకు: పిస్టన్‌ను బ్లాకు అంచుకు సరిగ్గా 10 మి.మీ. కిందికి దించి, చుట్టూ గ్రీజు పెట్టి నింపండి. చదును పిస్టన్ అయితే 43.1 సీసీ పడుతుంది, 49.5 పట్టిందంటే గుంట 6.4. ఛాంబర్ 40, బిగిసిన గాస్కెట్ 3.5, డెక్ ఖాళీ (పైకొచ్చిన పిస్టన్‌కూ బ్లాకు అంచుకూ మధ్య చోటు) 2.2, గుంట 6.4 కలిపితే 52.1 సీసీ, అంటే కంప్రెషన్ 8.35. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి ఇదే.

హెడ్డు ఎంత తీయాలన్నది ఛాంబర్ ఆకారాన్ని గ్రాఫు కాగితంపై గీసి గళ్లు లెక్కిస్తే తేలుతుంది. 36 చ.సెం.మీ. ఉంటే ఒక మి.మీ. తీసినప్పుడు 3.6 సీసీ తగ్గుతుంది. నాలుగు ఛాంబర్లూ అర సీసీ తేడాలోనే ఉండాలి. తీసినంత మందం షిమ్ములు రాకర్ (వాల్వును నొక్కే చేయి) స్టాండ్ల కింద వేయకపోతే పుష్‌రాడ్లు పొడవెక్కినట్టయి రాకర్ కోణం చెడుతుంది.

ఇథనాల్ పెట్రోలుకు సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. సోలెక్స్ కార్బ్యురేటర్‌లో 120 మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం) ఉంటే 125 వేయండి. జెట్ అలాగే వదిలేస్తే మిశ్రమం పలచనై, కంప్రెషన్ ఎంత సరిగ్గా పెట్టినా పిస్టన్ కాలవచ్చు. పాత రబ్బరు గొట్టాలూ మార్చండి.

ప్రశ్న: మాది గుణుపురం. ప్రీమియర్ పద్మినికి ఎత్తు ఎక్కేటప్పుడు కటకటమంటోంది. రెండు హెడ్ గాస్కెట్లు వేస్తే తగ్గుతుందా?

జవాబు: వేయవద్దు. రెండు గాస్కెట్ల మధ్య నుంచి లీకవుతుంది, పిస్టన్‌కూ హెడ్డుకూ మధ్య ఖాళీ పెరిగి మంట నెమ్మదించి నాకింగ్ అలాగే ఉండొచ్చు. ముందు టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ) 2 డిగ్రీలు వెనక్కి తిప్పి చూడండి. డిస్ట్రిబ్యూటర్ బరువుల స్ప్రింగులు సాగితే అడ్వాన్సు (వేగం పెరిగేకొద్దీ నిప్పురవ్వ ముందుకు జరగడం) తొందరగా వచ్చేస్తుంది, అవి మార్చాలి. తర్వాత ఛాంబర్‌లో మసి గీకించండి, మసి పేరుకున్నా కంప్రెషన్ పెరుగుతుంది. ప్లగ్గు తెల్లటి పింగాణీపై మిరియాల పొడిలా మచ్చలు కనిపిస్తే అవి తీరేదాకా బండి ఘాట్ ఎక్కించకండి, పిస్టన్ రింగు గాడి విరుగుతుంది.