కొరికే బాబు, మూలన కూర్చునే పాప

అమ్మాయ్,

మీ అంగన్‌వాడీలో నాలుగేళ్ల బాబు తోటి పిల్లల్ని కొరుకుతున్నాడనీ, ఏం చేసినా మానడం లేదనీ, ఒక పాప మాత్రం ఎప్పుడూ మూలన కూర్చుంటుందనీ రాశావు. ముందు పది రోజులు నోటుబుక్కులో రాసిపెట్టు: ఎన్ని గంటలకు కొరికాడు, అంతకుముందు ఏం జరిగింది, వెంటనే నువ్వూ ఆయమ్మా ఏం చేశారు. చాలాసార్లు అది భోజనానికి కాస్త ముందో, బొమ్మ చేతులు మారేటప్పుడో, అమ్మ దింపి వెళ్లిన కాసేపటికో తేలుతుంది. ఆకలి, బెంగ, నిద్ర చాలకపోవడం, చెప్పడానికి మాట రాకపోవడం, అన్నిటికీ మనం పెట్టే పేరు అల్లరే. ఈ వయసుకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. వాళ్లమ్మను మొదట అడగాల్సింది అదే.

కొరికినప్పుడు ముందు దెబ్బ తిన్న పిల్లను చూడు. తర్వాత కొరికినవాడి ఎత్తుకు వంగి, "కోపం వచ్చింది. కొరికితే నొప్పి. కొరకనివ్వను" అను, అంతే. వెక్కి వెక్కి ఏడుస్తున్నప్పుడు నీతులు చెవికెక్కవు. పక్కన కూర్చో. "నాకియ్యి", "ఇప్పుడు నా వంతు" అనే మాటలు గొడవ లేని వేళ ఆటలో రోజూ అనిపించు. గొడవలో కొత్త మాట ఎవరికీ రాదు.

ఏడుపు ఆపడానికి బిస్కెట్ ఇస్తే ఏడుపే బేరమవుతుంది. ఇవ్వడం మానేస్తే మొదట్లో పేచీ ఇంకా పెరుగుతుంది, బెదరకు. నాలుగో రోజు లొంగావంటే నాలుగు రోజులు ఏడవాలని నేర్పినట్టే. పోలీసు, బూచాడు వద్దే వద్దు. "నువ్వూ తిరిగి కొరుకు" అనడం అంతకంటే చెడ్డది.

నాకు ఎక్కువ దిగులు మూలన కూర్చునే పాప గురించి. విసిగించదు కాబట్టి ఎవరి కంటా పడదు. అన్నం సగం వదిలేస్తుందా, రోజూ కడుపునొప్పి అంటుందా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా, ఒక్కరితోనైనా ఆడుతుందా, చూడు. పిల్లల మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన, పిల్లల ప్రవర్తనను అంచనా వేసే 25 అంశాల ప్రశ్నావళిలో అల్లరితో పాటు భయాలూ, స్నేహాలూ, తోటివారికి సాయపడే గుణమూ ఉన్నాయి. మనమూ అలాగే అన్నీ చూడాలి.

హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని మనస్తత్వవేత్త ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలు గమనించింది. పేదరికం, ఇంటి కలతల మధ్య పెరిగినవాళ్లలోనూ దాదాపు మూడోవంతు చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకు ఆసరా అయినవాటిలో నమ్మకంగా వెంట నిలిచిన ఒక పెద్ద మనిషి ఉన్నారు. అందుకే ఆ ఇద్దరికీ చెరో ఐదు నిమిషాలు రోజూ కేటాయించు. వాళ్లు చెప్పిన ఆటే ఆడు, పాఠం చెప్పకు. కొరికిన రోజు కూడా ఆ ఐదు నిమిషాలు కోయకు.

నెలన్నరకూ మార్పు లేకపోయినా, పిలిస్తే పలకకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, తనను తాను కొట్టుకుంటున్నా పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్బీఎస్కే బృందం వచ్చేదాకా ఆగకు. ఏఎన్ఎంకు చెప్పి, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే జిల్లా కేంద్రం డీఈఐసీకి పంపించు. ఈ మాట తల్లితో సాయంత్రం గుమ్మం దగ్గర నలుగురిలో అనకు. లోపల కూర్చోబెట్టి, ఆ రోజు బాబు చేసిన ఒక మంచి పని ముందు చెప్పి, తర్వాత నోటుబుక్కు తెరువు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ