వంటింట్లోంచి వెళ్లిన డబ్బా మళ్లీ వెనక్కి రాకూడదు

అమ్మలూ,

"పెద్దమ్మా, అలమర తెరిస్తే డబ్బాలన్నీ నెత్తిన పడుతున్నాయి, మూటకట్టి పారేయనా?" అని నిన్న ఫోన్లో అడిగావు. పారేయకు. అలాగని అన్నిటినీ ఉన్నచోటే ఉంచమనీ అనను. నోటితో చెప్తే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. ఈ ఉత్తరం పక్కన పెట్టుకుని డబ్బాల ముందు కూర్చో.

ముందు అన్నిటినీ నేల మీద పరిచి, ఏ డబ్బాకి ఏ మూతో జత చెయ్యి. మూత పోయిన డబ్బాలూ, డబ్బా పోయిన మూతలూ ఒక పక్కకి నెట్టు, వాటి సంగతి చివర్లో చెప్తాను. జత కుదిరిన ప్రతిదాంట్లో సగం దాకా నీళ్లు పోసి, మూత నాలుగు మూలలా నొక్కి, సింకు మీద బోర్లా తిప్పి ఒక నిమిషం పట్టుకో. చుక్క కారలేదంటే అది నీళ్లగా ఉండే వంటకాలకీ, బయటికి తీసుకెళ్లే భోజనానికీ పనికొస్తుంది. కారితే దాన్ని పొడి సరుకులకి పెట్టుకో. తర్వాత లోపలి గోడల్ని వేలితో తడిమి చూడు. నున్నగా జారితే సరే. గరుకుగా తగిలినా, అంచు చిట్లినా, ఎంత తోమినా జిడ్డు వదలకపోయినా ఇక దాంట్లో తిండి పెట్టొద్దు. ఆ సన్నటి గీతల్లో క్రిములు చేరితే పీచు అక్కడిదాకా పోదు.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. అది ఏ రకం ప్లాస్టిక్కో చెప్తుంది, అంతే. వేడి చెయ్యొచ్చని దాని అర్థం కాదు. 5 ఉంటే పాలీప్రొపిలీన్, మంచి గట్టిది, 160 డిగ్రీల దరిదాపులకి వెళ్తే గానీ కరగదు. 1 ఉంటే నీళ్ల సీసాల రకం, 70, 80 డిగ్రీలకే మెత్తబడి వంకర్లు పోతుంది. వేడివేడిగా ఏదైనా పోశావంటే డబ్బా పాడైనట్టే. మైక్రోవేవ్‌కి అలల గుర్తూ, ఫ్రీజర్‌కి మంచుపువ్వు గుర్తూ విడిగా ఉంటాయి, అవి చూసుకో. నన్నడిగితే వేడి చెయ్యడానికి గాజుదే వాడు, ప్లాస్టిక్‌ని చల్లటి పనులకి ఉంచు. గాజుతోనూ ఒక జాగ్రత్త ఉంది. ఫ్రీజర్లోంచి తీసింది తీసినట్టు వేడినీళ్ల కింద పెడితే పగులుతుంది.

ఇక రోజూ వాడే తీరు. మిగిలింది దాచేటప్పుడు లోతు డబ్బా వద్దు, వెడల్పుగా చదునుగా ఉండేది తీసుకో. వంటకం మందం 5 సెంటీమీటర్లు దాటనివ్వకు. లోతు డబ్బాలో పైన చల్లగా తగిలినా నడిమధ్య గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది, క్రిములు పెరిగేది ఆ వెచ్చదనంలోనే. అన్నం విషయంలో ఇంకా జాగ్రత్త. ఉడికించినా చావని క్రిమిబీజాలు బియ్యంలో ఉంటాయి, అన్నం వెచ్చగా కూర్చుంటే అవి మేల్కొంటాయి. అందుకే ఏది వండినా రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గరో, అంతకంటే చల్లగానో ఉండాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. పొగలు కక్కుతుండగానే మూత బిగించకు. ఆవిరి మూతకి తగిలి నీటి బొట్లై మళ్లీ తిండి మీదే రాలుతుంది. పైగా లోపల ఆవిరి చల్లబడి మూతని కిందికి లాగేసుకుంటుంది, తర్వాత ఊడి రాదు. ఎప్పుడైనా అలా పట్టేస్తే కత్తి మొన పెట్టి తీయకు, అంచు చెడుతుంది. మూత మీద కాస్త గోరువెచ్చటి నీళ్లు పోసి ఒక మూల లేపు, గాలి చొరబడి అదే వదులుతుంది.

ప్రతి డబ్బా మీదా కాగితం టేప్ ముక్క అంటించి తారీఖు రాయి. లోపల ఏముందో కూడా రాయి. ఇది చాదస్తం అనుకోకు. ఫ్రీజర్లో గడ్డకట్టాక ఎర్రటిదంతా ఒకేలా కనిపిస్తుంది. ఫ్రీజర్లో పెట్టేదాన్ని అంచుదాకా నింపకు, నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదిలెయ్. గాజుదైతే ఇది మరీ ముఖ్యం.

ఆకుకూరలు వారం నిలవాలంటే కడిగాక తడి లేకుండా ఆరబెట్టి, డబ్బా అడుగున పొడి గుడ్డ ముక్క పరిచి, వాటిని వదులుగా సర్ది, పైన ఇంకో గుడ్డ కప్పు. గుడ్డ తడిసినప్పుడల్లా మార్చు. మగ్గుతున్న అరటిపండూ ఆపిల్ పండూ మాత్రం వాటి దగ్గరికి రానివ్వకు. వాటినుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి ఆకు తొందరగా పసుపుపచ్చబడుతుంది.

పొడి సరుకుల దగ్గర అందరం చేసే తప్పు ఒకటుంది, పాతది అడుగున ఉండగానే కొత్తది పైన పోసెయ్యడం. అడుగున ఉన్నది అడుగునే ముక్కిపోతుంది, పురుగు పుట్టేదీ అక్కడే. డబ్బా ఖాళీ చేసి, కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే కొత్తది పొయ్యి. పాతది కొంచెం మిగిలితే చిన్న డబ్బాలోకి మార్చి ముందు అది వాడు. చిన్న డబ్బా ఎందుకంటే ఖాళీ జాగా ఎక్కువైతే లోపలి గాలి ఎక్కువ, ఆ గాలికే పొడులు వాసన చచ్చిపోతాయి. ఇంకో మాట, పురుగు గుడ్లు ఒక్కోసారి గింజ లోపలే వస్తాయి, వాటిని ఎంత గట్టి మూతైనా ఆపలేదు. సరుకు తెచ్చిన రోజే నాలుగు రోజులు ఫ్రీజర్లో పెట్టి, తీశాక బయటి తేమ తుడిచి, మామూలు వేడికి వచ్చాక డబ్బాకెత్తితే ఆ బాధ ఉండదు.

కడగడంలో ఒక్క సంగతే చెప్తాను. మూత లోపల చుట్టూ రబ్బరు పట్టీ ఉంటే వారానికోసారి చెంచా పిడి లాంటి మొద్దు వస్తువుతో లేపి బయటికి తియ్యి. మొదటిసారి తీసినప్పుడు ఆ గాడిలో నల్లగా పేరుకున్నది చూసి నేనే ఉలిక్కిపడ్డాను, పైనుంచి చూస్తే మూత తళతళలాడుతూ ఉంది మరి. పట్టీనీ గాడినీ విడిగా కడిగి ఆరాకే మళ్లీ బిగించు. పసుపు మరక పడితే తోమి తోమి గీతలు తెచ్చుకోకు. రెండ్రోజులు ఎండలో బోర్లించు, వెలుతురుకి ఆ రంగు తనంతట తనే వెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు మాట. తిండికి పనికిరాదని తేల్చిన డబ్బాలకి రెండో ఉద్యోగం ఇవ్వు. కానీ వంటిల్లు దాటిన డబ్బా మళ్లీ వంటింట్లోకి రాకూడదు. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకో. పెళ్లైన కొత్తలో బట్టలు ఉతికే సోడాపొడి పాత ఉప్పు డబ్బాలో పోసి స్నానాలగది గట్టు మీద పెట్టాను. ఇల్లు సర్దుతూ ఎవరో దాన్ని తెచ్చి ఉప్పు పక్కనే పెట్టారు. చూడ్డానికి రెండూ తెలుపే. చెంచాడు తీసి గిన్నె మీదకి చెయ్యి పెట్టాక, పొడి మరీ మెత్తగా తగిలి ఆగాను. ఆ రోజు పొయ్యి కట్టేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పటినుంచీ వంటిల్లు దాటే ప్రతి డబ్బాకీ మూత మీదా అడుగునా చెరగని మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెడతాను. నువ్వూ పెట్టు. సబ్బులూ మందునీళ్లూ మాత్రం గుర్తున్నా సరే ఇలాంటి డబ్బాల్లో పొయ్యొద్దు. వాటి సీసాల్లోనే, వాటి పేర్లతోనే ఉండాలి. పిల్లలు తిండి డబ్బాని చూస్తే తిండే అనుకుంటారు.

ఇంటూ పెట్టినవాటికి పనులు బోలెడు. మేకులూ స్క్రూలూ సైజులవారీగా అడుగు కనిపించే డబ్బాల్లో వేస్తే వెతుకులాట ఉండదు. సూదీదారం, బొత్తాలు ఒకదాంట్లో. కరెంటు పోతే చీకట్లో తడుముకోకుండా టార్చీ, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె ఒకే డబ్బాలో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించు. నీళ్ల పరీక్షలో నెగ్గి, గీతలవల్ల మాత్రమే పక్కకెళ్లిన పెద్ద డబ్బాలో ముఖ్యమైన కాగితాలు పెట్టు, పైకప్పు కారినా తడవవు. ప్రయాణంలో తడిబట్టలకి ఒకటి. పూర్తిగా ఆరిన విత్తనాలు కాగితం పొట్లాల్లో కట్టి ఒకదాంట్లో దాచు, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన పడెయ్. గాయాలకి కట్టేవి ఒకదాంట్లో సర్దుకో, మాత్రల్ని మాత్రం పట్టీల్లోంచి ఊడదీయకు, పేరూ గడువు తారీఖూ ఆ పట్టీ మీదే ఉంటాయి. గుండీల్లాంటి చిన్న బ్యాటరీలు డబ్బాలో వేశాం కదా అని నిశ్చింతగా ఉండకు. పిల్లలు మింగితే ప్రాణం మీదకి వస్తుంది, అవి తాళం వేసే చోటే ఉండాలి.

మూతలేని డబ్బాలు సొరుగుల్లో అరలుగా పనికొస్తాయి. ఫ్రిజ్‌లో చిన్న సీసాలన్నీ ఒకదాంట్లో నిలబెడితే లోపలివి ఒక్కసారిగా ముందుకి లాక్కోవచ్చు, దీనికి మాత్రం ఇంటూ గుర్తులేనిదే తీసుకో. డబ్బా పోయిన మూతలు కుండీల కింద పెట్టు. ఇంకా మిగిలాయా, లోతుగా ఉన్నవి రెండు నాకు పంపు. అడుగున చిల్లులు పెట్టి మొక్కల నారు పోసుకుంటాను.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ