చేత్తో కదలని తలుపుకు మోటారు బిగించకండి

కారు షెడ్డు షట్టర్లు, గేట్ల మోటార్ల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంటి కింద కారు పెట్టుకునే చోట పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న ఇనప రోలింగ్ షట్టర్ ఉంది. వేయించి పన్నెండేళ్లయింది. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, ఎత్తలేకపోతోంది. మోటారు గురించి అడిగితే ఒక షాపువాళ్లు సెంట్రల్ మోటారన్నారు, ఇంకొకరు 500 కిలోల సైడ్ మోటారన్నారు. మూడో ఆయన ట్యూబులర్ చాలు, చవకలో అయిపోతుందన్నాడు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ముగ్గురూ మోటారు పేరు చెప్పారు గానీ మీ షట్టర్‌ని ఎత్తి చూసినవాళ్లు ఒక్కరూ ఉన్నట్టు లేరు. ముందు ఆ పని మీరే చేయండి. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే చేతి తూకం ఉంటుంది కదా, 50 కిలోలది. దాని కొక్కేన్ని షట్టర్ కింది పట్టీ మధ్యలో ఉన్న హ్యాండిల్‌కి తగిలించి నిటారుగా పైకి లాగండి. షట్టర్ నేల వదిలి కదిలేటప్పుడు అంకె చూడండి. 15 కిలోల లోపు ఉంటే స్ప్రింగులు బాగున్నట్టే. 25 దాటిందంటే స్ప్రింగుల బిగువు తగ్గింది, లేదా పక్క గైడ్ చానళ్లలో తుప్పు, దుమ్ము గడ్డకట్టి పట్టీల్ని పట్టేస్తున్నాయి. తర్వాత షట్టర్‌ని నడుము ఎత్తు దాకా లేపి, కాళ్లు దాని కింద లేకుండా చూసుకుని, మెల్లగా చెయ్యి వదలండి. ఉన్నచోటే నిలబడాలి. దబ్బున కిందికి పడినా, దానంతటదే పైకి పరుగెత్తినా స్ప్రింగులు మళ్లీ సరిచేయించాలి.

ఈ పరీక్ష ఎందుకంటే, మీ షట్టర్ అసలు బరువు మీరనుకునే దానికన్నా చాలా ఎక్కువ. 1 మి.మీ. మందం ఇనప రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. 18 గేజ్ పట్టీలంటే సుమారు 1.2 మి.మీ., అంటే 9.4 కిలోలు. పట్టీలు ఒకదాన్నొకటి పట్టుకునేలా అంచులు చుట్టి ఉంటాయి కాబట్టి ఇంకో 30 శాతం కలపండి, 12 కిలోల పైమాటే. పైన షట్టర్ చుట్టుకునే డ్రమ్ము మీద ఎప్పుడూ ఉండిపోయే ఒక అడుగు ఎత్తుతో సహా మీది 8.4 చదరపు మీటర్లు, అంటే 102 కిలోలు. కింది యాంగిల్, తాళం పట్టీలు వేసుకుంటే 110. ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లు చేత్తో ఎత్తగలిగారంటే అందులో తొంభై పైచిలుకు కిలోలు స్ప్రింగులే మోశాయి. అమ్మగారు ఇప్పుడు ఎత్తలేకపోవడానికి వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు, స్ప్రింగులు కూడా అలసిపోయి ఉండొచ్చు.

ఇక ముగ్గురి మాటలకొద్దాం. సెంట్రల్ మోటారు పాత షాఫ్టు, అంటే పైన డ్రమ్ములున్న అడ్డ పైపు, మధ్యలోనే కూర్చుంటుంది. రెండు పక్కలా స్ప్రింగులు అలాగే ఉంటాయి, వాటి సాయం ఉంటుందన్న లెక్కతోనే ఆ మోటారు తయారవుతుంది. సైడ్ మోటారు గొలుసుతో షాఫ్టుని తిప్పుతుంది. స్ప్రింగులు లేకపోయినా మొత్తం బరువు తనే ఎత్తుతుంది, కరెంటు పోతే లాగడానికి చేతి గొలుసు ఉంటుంది. కాకపోతే షాఫ్టు పక్కన అడుగు, అడుగున్నర ఖాళీ గోడ కావాలి. ట్యూబులర్ మోటారు ఆ అడ్డ పైపు లోపల దూరుతుంది. దాని కోసం స్ప్రింగులు తీసేయాలి, భారమంతా దాని మీదే పడుతుంది. 110 కిలోలు, డ్రమ్ము మధ్య నుంచి అంచుకి 12 సెం.మీ. అనుకుంటే దాదాపు 130 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం అవసరం. చవగ్గా దొరికే 50 న్యూటన్ మీటర్ల ట్యూబులర్ దీన్ని కదిలించలేదు. అల్యూమినియం పట్టీల తేలిక షట్టర్లకు అది మంచి మోటారే. మీ ఇనప షట్టర్‌కి వద్దు.

మా సలహా: స్ప్రింగులు సరిచేయించి సెంట్రల్ మోటారు పెట్టించుకోండి. స్ప్రింగులు పాడై, కొత్తవి వేయించడం ఇష్టం లేకపోతే సైడ్ మోటారు. అదైనా 300 కిలోలది చాలు, 500 దండగ. కొనేముందు షాఫ్టు పైపు కొలత తీసుకోండి. దారం చుట్టి కొలిస్తే 18.8 సెం.మీ. వస్తే పైపు 60 మి.మీ., 23.9 వస్తే 76 మి.మీ. స్ప్రింగు ఉండే డ్రమ్ముని కూడా అలాగే కొలవండి. ఈ రెండు కొలతలూ మోటారుకి కుదరకపోతే మోటారు షాఫ్టు మీద వంకరగా కూర్చుని, షట్టర్ ఒక పక్కకి ఈడుస్తూ చుట్టుకుంటుంది. స్ప్రింగు బోల్టులు మాత్రం ఎవరూ ఇంట్లో విప్పొద్దు. షట్టర్ కిందికి దించి ఉన్నప్పుడు వాటిలో బిగువు బాగా ఎక్కువ, జారితే చెయ్యి విరిగిపోతుంది. షట్టర్ మెకానిక్కే ఆ పని చేయాలి.

ఇంకొకటి చాలామంది మర్చిపోతారు. మోటారు పెట్టాక కింది పక్క తాళాలు తీయించేయండి. తాళం వేసి ఉండగా ఎవరో ఒకరు రిమోట్ నొక్కుతారు. మోటారు లాగుతుంది, తాళం వదలదు, మధ్యలో పట్టీలు వంగిపోతాయి. వంగిన పట్టీ మళ్లీ గైడ్‌లోకి సరిగ్గా వెళ్లదు. ఎర్తింగ్ లేకుండా అసలు కనెక్షన్ ఇప్పించుకోకండి, షట్టర్ అంతా ఇనుమే కదా. దానికి విడిగా ఒక ఎంసీబీ, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి.

ప్రశ్న: మాది పద్నాలుగు అడుగుల స్లైడింగ్ గేటు, 350 కిలోల దాకా ఉంటుందని వెల్డర్ చెప్పాడు. మోటారు ఎంత పెద్దదైతే అంత మంచిదని డీలర్ 1000 కిలోలది అంటగడుతున్నాడు. సాయంత్రం మా వీధిలో వోల్టేజి 180కి పడిపోతుంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: స్లైడింగ్ గేటుని మోటారు ఎత్తదు, నెడుతుంది. కాబట్టి బరువు కన్నా ముఖ్యం గేటు ఎంత తేలిగ్గా దొర్లుతుందన్నది. పైన చెప్పిన తూకాన్నే గేటుకి తగిలించి అడ్డంగా లాగండి. చక్రాల బేరింగులు బాగుండి, ట్రాక్ తిన్నగా ఉంటే 350 కిలోల గేటు 10, 15 కిలోల లాగుడుకే బయల్దేరుతుంది. 30 దాటితే ముందు ట్రాక్, చక్రాలు చూడండి. గట్టిగా కదిలే గేటుకి పెద్ద మోటారు పెడితే అది చక్రాలనీ ట్రాక్‌నీ అరగదీస్తూ లాక్కుపోతుందే తప్ప జబ్బు నయం కాదు. పైగా మధ్యలో పిల్లో, స్కూటరో అడ్డొచ్చినప్పుడు అంత బలం ప్రమాదం. 600 కిలోల మోటారు మీకు సరిపోతుంది.

వోల్టేజి సంగతి నిజంగా ఆలోచించాల్సిందే. ఏసీ మోటారు బలం వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని, బట్టి తగ్గుతుంది. 230 దగ్గర వచ్చే బలంలో 180 దగ్గర మిగిలేది 61 శాతమే. పొద్దున చక్కగా తెరుచుకున్న గేటు సాయంత్రం మధ్యలో ఆగి మూలగడానికి కారణం ఇదే. మీ వీధికి 24 వోల్టుల డీసీ మోటారు, బ్యాటరీతో ఉన్నది తీసుకోండి. బ్యాటరీ నుంచి నడుస్తుంది కాబట్టి వోల్టేజి పడినా, కరెంటు పోయినా గేటు కదులుతుంది. ఆగేముందు వేగం తగ్గించుకోవడం కూడా దానికి బాగా వచ్చు.

బిగించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది రాక్‌నీ, పినియన్‌నీ. గేటు పొడవునా బిగించే పళ్ల పట్టీ రాక్. మోటారు నుంచి బయటికొచ్చే పళ్ల చక్రం పినియన్. ఈ రెండింటి పళ్ల మధ్య 1 నుంచి 2 మి.మీ. సందు గేటు మొత్తం పొడవునా ఉండాలి. సందు లేకపోతే గేటు బరువు పినియన్ మీద కూర్చుని మోటారు షాఫ్టుని వంచేస్తుంది. బిగించిన రోజు సందు ఉంటుంది, చక్రాలు అరిగి గేటు దిగేకొద్దీ అది మూసుకుపోతుంది. అందుకే ఆరు నెలలకోసారి టార్చి వేసి చూడండి. రాక్‌కి నిలువు గాడుల్లో బోల్టులున్నది అవసరమైనప్పుడు పైకి జరుపుకోవడానికే. మీటరు ముక్కలు రెండు కలిసే చోట, మూడో ముక్కని తలకిందులుగా పళ్లలో పళ్లు కూర్చేలా పట్టి బిగిస్తే అతుకు దగ్గర టకటక చప్పుడు రాదు.

రెండు చివరలా నేలలో పాతిన గట్టి స్టాపర్లు లేకుండా మోటారు ఆన్ చేయనివ్వకండి. గేటు చివరికి రాగానే మోటారుని ఆపే లిమిట్ స్విచ్ ఒక్కసారి పనిచేయకపోతే గేటు ట్రాక్ దాటి పడిపోతుంది. కింద ఎవరున్నా ప్రాణాలకే ముప్పు. మోటారు దిమ్మె నేల కన్నా నాలుగైదు అంగుళాలు ఎత్తుండాలి, వాన నీళ్లు ముందు చేరేది గేటు దగ్గరికే.

ప్రశ్న: మాది రెండు కార్ల గ్యారేజీ, 16 × 7 అడుగుల తలుపు. పైన పిల్లల పడకగది. తలుపుని తెరిచి మూసే పాత అర హార్స్‌పవర్ గొలుసు ఓపెనర్ చప్పుడుకి చిన్నది నిద్రలేస్తోంది. షాపులో ముప్పావు, ఒకటింబావు హార్స్‌పవర్‌లు ఉన్నాయి. ఏది తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: ముప్పావు హార్స్‌పవర్ డీసీ మోటారు, గొలుసు బదులు బెల్టు ఉన్నది తీసుకోండి. చప్పుడు తగ్గేది బెల్టు వల్ల, డీసీ మోటారు మెల్లగా బయల్దేరి మెల్లగా ఆగడం వల్ల. హార్స్‌పవర్ పెంచితే చప్పుడు తగ్గదు. తలుపు రోలర్లు స్టీలువైతే బేరింగులున్న నైలాన్ రోలర్లు వేయించండి, తేడా అదే రోజు వినిపిస్తుంది.

మీ తలుపునీ స్ప్రింగులే మోస్తాయి. తలుపు మూసి ఉన్నప్పుడే, ఓపెనర్ నుంచి తలుపుని విడదీసే ఎర్ర తాడు లాగి, చేత్తో నడుము ఎత్తుకి లేపి వదలండి, నిలబడాలి. తలుపు పైన మెలితిరిగి బలమిచ్చే సాధారణ టార్షన్ స్ప్రింగు 10,000 సార్లకు లెక్కగట్టి చేస్తారు. రోజుకి నాలుగుసార్లు తెరిచి మూస్తే ఏడేళ్లలోపే ఆ లెక్క నిండుతుంది. కొత్త ఓపెనర్‌కి డబ్బు పెట్టేముందు స్ప్రింగుల వయసు చూసుకోండి, మార్చాల్సి వస్తే పనివాళ్లతోనే మార్పించండి.

మీ రాష్ట్రంలో 2019 జులై 1 నుంచి ఇళ్లకు అమ్మే, బిగించే ఓపెనర్లకు బ్యాటరీ బ్యాకప్ తప్పనిసరి. 2017 కార్చిచ్చుల్లో కరెంటు పోయి గ్యారేజీ తలుపులు తెరుచుకోక జనం ఇబ్బంది పడ్డాక వచ్చిన చట్టం అది. మీ పాత ఓపెనర్‌లో అది లేకపోతే మార్చడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

తలుపుకి రెండు పక్కలా ఉండే సెన్సర్లు నేల నుంచి ఆరు అంగుళాలకు మించి ఎత్తుండకూడదు, పాకే పిల్లల్ని చూడాల్సింది అవే. బిగించాక తలుపు దిగే చోట అంగుళంన్నర మందం చెక్కని పడుకోబెట్టి మూసి చూడండి. చెక్కకి తగిలిన రెండు సెకన్లలో తలుపు వెనక్కి లేవాలి. పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష నెలనెలా చేయండి.

ప్రశ్న: గేటు మోటారు గుర్రుమంటోంది గానీ తిరగడం లేదు. కాలిపోయినట్టేనా?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలాసార్లు కాలదు, మోటారు తిరగడానికి సాయపడే కెపాసిటర్ పోతుంది. రిమోట్ నొక్కడం వెంటనే ఆపండి. తిరగకుండా గుర్రుమనే మోటారుకి కరెంటు ఇస్తూ పోతే లోపలి తీగ చుట్ట, అంటే వైండింగు, అప్పుడు నిజంగానే కాలుతుంది. ఎంసీబీ దించి, తాళంచెవితో మోటారుని విడదీసి గేటుని చేత్తో నెట్టండి. గేటు కదలకపోతే తప్పు ట్రాక్‌ది. తేలిగ్గా కదిలితే కెపాసిటర్‌ని అనుమానించండి. దాని మీద రాసి ఉన్న మైక్రోఫారడ్లే ఉన్న 450 వోల్టులది తెప్పించండి. ఎక్కువ ఉన్నది వేస్తే బలం వస్తుందంటారు, వేయొద్దు, వైండింగు వేడెక్కుతుంది. ఎంసీబీ దించినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి మార్పు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మూత తీసినప్పుడు వైరు వచ్చే పైపు నోటిని కూడా మూయించండి. బల్లులు, చీమలు బోర్డులోకి వచ్చేది అక్కడి నుంచే.

ప్రశ్న: రిమోట్‌ని ఎవరైనా కాపీ చేసుకోగలరా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఎప్పుడూ ఒకే కోడ్ పంపే ఫిక్స్‌డ్ కోడ్ రిమోట్ అయితే చేసుకోగలరు. కొనేముందు అడగండి: తాళంచెవులు చేసే షాపులో దీనికి డూప్లికేట్ రిమోట్ చేయించుకుంటే పనిచేస్తుందా అని. చేస్తుందంటే అది వద్దు. రోలింగ్ కోడ్‌ది ప్రతి నొక్కుకీ కోడ్ మారుస్తుంది, కొత్త రిమోట్‌ని మీ మోటారు దగ్గరే నమోదు చేయాలి. రిమోట్ పోగొట్టుకున్నా, డ్రైవరో అద్దెకున్నవాళ్లో తిరిగివ్వకుండా వెళ్లినా, రిసీవర్‌లో అన్నీ చెరిపేసి మీ దగ్గరున్నవి మళ్లీ నమోదు చేసుకోండి. బటన్ నొక్కిపట్టి చేసే ఐదు నిమిషాల పని అది. బిగించడానికి వచ్చినవాళ్లని వెళ్లేముందే చేసి చూపించమనండి.